మాడిన ఫ్యాక్స్

పదకొండేళ్లుగా నా ఉద్యోగం కాగితాలు పోకుండా చూడటం. బహ్రెయిన్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఊళ్లో చుట్టాలకి ఈ మాట చెబితే ‘కంట్రోలర్’ అన్నచోట ఆగిపోయి, నేనేదో పెద్ద హోదాలో ఉన్నానని సంతోషిస్తారు. వాళ్ల సంతోషానికి నేను అడ్డు చెప్పను. నిజానికి చేసేది ఇంతే: ఇంజనీర్లు గీసిన డ్రాయింగులు వస్తాయి, వాటికి నంబరు వేస్తాను, రిజిస్టర్లో ఎక్కిస్తాను, కావలసినవాళ్లకి పంపి అందినట్టు సంతకం తీసుకుంటాను. డ్రాయింగులో ఏముందో నాకు తెలియనక్కర్లేదు. తెలిసిన సందర్భం కూడా గుర్తులేదు.

ఇంత అనుభవం ఉన్న మనిషి చేతిలో ఒక కాగితం ఎలా నాశనమైందో చెప్పాలి. అది మామూలు కాగితం కాదు. ఒక మనిషి దొంగ కాడని చెప్పే ఒకే ఒక్క కాగితం.

మా తెలుగు సహవాసంలో శుక్రవారం ఆరాధన జరుగుతుంది. దానికి నేను సెక్రటరీని. పోటీ లేకుండా ఎన్నికయ్యాను. పోటీ పెడదామని ముందు వరసలో ఇద్దర్ని అడిగారు గానీ ఇద్దరూ ఆ రోజే ఊరికి టిక్కెట్టు ఉందన్నారు. ఒకరోజు పాస్టరుగారు నాకొక మెయిల్ పంపారు. అది స్కాట్లాండ్ నుంచి వచ్చింది. పాత ఉత్తరాలూ, రచయితల కాగితాలూ దాచిపెట్టే ఆర్కైవ్స్ ఒకటి అక్కడ ఉందట, అందులో పనిచేసే ఒకావిడ రాసింది. ముందు ఇక్కడి ఇంగ్లిషు చర్చికి రాస్తే, మెయిల్లో ఉన్న పేరు తెలుగువాళ్ల పేరులా ఉందని వాళ్లు మా పాస్టరుగారికి తోశారు. ఆయన నాకు తోశారు. నా కింద ఎవరూ లేకపోబట్టి అది నా దగ్గర ఆగింది.

సంగతి ఇది. స్కాట్లాండ్‌లో ఒక కవయిత్రి ఉండేది. గొప్ప పేరున్న మనిషి కాదు, వాళ్ల జిల్లాలో నలుగురికి తెలుసు. ఆవిడ తమ్ముడు ఇక్కడ చమురు కంపెనీ కట్టిన ఊరు అవాలిలో ఇంజనీరుగా ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు. అక్కాతమ్ముళ్లు ఉత్తరాలు రాసుకుంటూ ఉండేవారు. తమ్ముడూ, తర్వాత ఆవిడా పోయాక కాగితాలన్నీ ఆర్కైవ్స్‌కి చేరాయి. అందులో తమ్ముడు రాసినవి ఉన్నాయి, ఆవిడ రాసినవి లేవు. ఫోన్లో ఒకవైపు మాటలే వినబడుతున్నట్టుంది అని రాసింది ఆర్కైవ్స్ ఆవిడ. రిటైరయి వెళ్లిపోతూ తమ్ముడు ఆ ఉత్తరాలనీ, వాటితోపాటు అక్క పంపిన పద్యాలనీ ఒక బిస్కట్ల రేకు డబ్బాలో పెట్టి తన వంటమనిషి దగ్గర వదిలేశానని ఒక ఉత్తరంలో రాశాడట. ఆ వంటమనిషి బతికున్నాడా, డబ్బా ఉందా అని ఆవిడ ప్రశ్న.

ఆరాధన అయ్యాక ఈ మాట చదివి వినిపించాను. నా ప్రకటనలకి సాధారణంగా జనం చెప్పులు వెతుక్కుంటూ స్పందిస్తారు. ఈసారి మాత్రం వెనక నుంచి ఒకాయన, హమద్ టౌన్ అవతల లేబర్ క్యాంపులో మెస్ నడిపే కాకా పేరు అదే కదా అన్నాడు.

అది మా కంపెనీ క్యాంపే. ఆ కాకా వండిన పప్పు నేను వందసార్లు తిన్నాను. పేరు అడగాలన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. పేర్లు రాసుకోవడమే జీవనోపాధి అయిన మనిషి సంగతి ఇది.

కాకాది జగిత్యాల దిక్కు. ఇరవై ఏళ్లు నిండగానే వచ్చాడు, ఇప్పుడు అరవై దాటాయి. నలభై ఏళ్లుగా బహ్రెయిన్‌లో ఉంటూ ఊరికి ఫోన్ చేసి దుబాయిలో ఉన్నాననే చెబుతాడు, వాళ్లకి గల్ఫ్ అంతా దుబాయే కనక. ఇంకో రెండున్నర నెలల్లో అంతా ముగించుకుని ఇంటికి వెళ్లిపోతున్నాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సంతకం చేయాల్సిన కాగితాలు కూడా తయారయ్యాయి.

నేను వెళ్లి స్కాట్లాండ్ అనగానే కాకా చేతిలో గరిటె ఆగింది.

“నా తాన ఏ డబ్బ లేదు సారు,” అన్నాడు.

డబ్బా మాట నేనింకా ఎత్తనే లేదు. ఆ మాట ఆయనకీ తట్టినట్టుంది. పొయ్యి తగ్గించి, పక్కనున్న మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీది నిజామాబాద్. కాకా గదిలోనే పద్నాలుగేళ్లుగా ఉంటున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ ఒక హాస్యం దొరికితే దాన్ని అరిగిపోయేదాకా వాడతాడు. ఆయన నవ్వుతూ, “ఏం కాకా, సాహెబ్ డబ్బ కోసం పోలీసు వచ్చిండా?” అన్నాడు.

మెల్లగా అర్థమైంది. కాకా మంచం కింద డబ్బా ఉన్న సంగతి గదిలో అందరికీ తెలుసు. దాన్ని సాహెబ్, అంటే ఆ ఇంజనీరు, ఇంట్లోంచి ఎత్తుకొచ్చాడని మేస్త్రీ హాస్యం. మొదట్లో నవ్వులాట. పద్నాలుగేళ్లు వరసగా ఆడితే నవ్వులాటకి కూడా సాక్ష్యం బలం వస్తుంది. కొత్తగా క్యాంపుకి వచ్చినవాళ్లు నిజమే అనుకునేవారు. ఇప్పుడు వెళ్లిపోయే ముందు స్కాట్లాండ్ నుంచి డబ్బా గురించి అడుగుతున్నారంటే, కేసు పెడతారేమో, విమానం ఎక్కనివ్వరేమో అని కాకా భయం. అంతకన్నా, దొంగ అనిపించుకుని వెళ్లాలేమో అని.

అడిగింది పోలీసులు కాదనీ, కవయిత్రి ఉత్తరాలు దాచుకునేవాళ్లనీ చెప్పడానికి నాకు రెండు శుక్రవారాలు పట్టింది. ఉత్తరాలు దాచుకోవడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారంటే ఆయన నమ్మలేదు. నా జీతం సంగతి చెప్పాక కొంచెం నమ్మాడు.

మూడో శుక్రవారం డబ్బా తీశాడు. పైన పాత లుంగీ చుట్టి ఉంది. లోపల ఉత్తరాలు ఏ ఏడాదివి ఆ ఏడాదికి కట్టలు కట్టి, మధ్యలో పలుచటి గుడ్డ పెట్టి ఉన్నాయి. రబ్బరు బ్యాండ్లు కావు, నూలు దారం. రబ్బరు కరిగి అంటుకుంటుందట. ప్రతి చలికాలం తీసి నీడలో ఆరబెడతాడట, ఎండలో కాదు. వంటింటి పొగ తగలకూడదని మెస్ దగ్గర ఎప్పుడూ పెట్టలేదు. చదవడం రాని ఇంగ్లిషు కాగితాల్ని ముప్పై ఏళ్లు ఇలా చూసుకున్నాడు.

“ఎందుకు కాకా ఇదంతా?” అని అడిగాను.

“ఉంచుమన్నడు, ఉంచిన,” అన్నాడు.

అన్నిటికంటే పైన ఒక ఫ్యాక్స్ ఉంది. అది సాహెబ్ స్కాట్లాండ్ వెళ్లిన ఏడాదికి పంపింది. అప్పట్లో అవాలి దారిలో ఒక మలయాళీ కోల్డ్ స్టోర్లో ఫ్యాక్స్ మిషన్ ఉండేది. పాలూ రొట్టెలూ అమ్మే ఆ చిన్న దుకాణమే చుట్టుపక్కలవాళ్లకి తపాలా ఆఫీసు. ఆ దుకాణదారే చదివి హిందీలో చెప్పాడట. ఆయన కొట్టు మూసేసి వెళ్లిపోయి చాలా కాలమైంది. డబ్బా నీదేనని సాహెబ్ ఆ కాగితంలో రాశాడని కాకా చెప్పాడు. “గా కాయిదం ఉండంగ నన్ను ఎవ్వడేమనలేడు సారు,” అన్నాడు. మరి మేస్త్రీకి చూపించకపోయావా అంటే, మేస్త్రీకి కూడా ఇంగ్లిషు రాదనీ, చూపిస్తే అదీ ఎత్తుకొచ్చిందే అంటాడనీ జవాబు.

ఆర్కైవ్స్ ఆవిడ ఒక ఫారం పంపింది. ఇచ్చేవారి పేరు, సంతకం, ఈ పత్రాలు మీకు ఎలా వచ్చాయి అని ఒక గడి. ఆ గడి కోసమే ఫ్యాక్స్ కావాలి. దాంతోపాటు, కాగితాల్ని ఎలా ముట్టుకోవాలి, ఎలా పంపాలి అని సూచనల ఫైలు ఒకటి జతచేసింది. ‘అందినది, గమనించడమైనది’ అని జవాబు రాశాను. ఫైలు తెరవలేదు. మా వృత్తిలో ఇది లోపం కాదు. అందిందని చెప్పడం ఒక పని, చదవడం ఇంకో పని. రెండోదానికి వేరే డిపార్ట్‌మెంటు ఉంటుంది. పైగా కాగితాల్ని ఎలా చూసుకోవాలో పదకొండేళ్ల అనుభవం ఉన్నవాడికి చెప్పడమేమిటని లోపల కొంచెం కోపం.

డబ్బా ఇచ్చేముందు కాకా ఒక షరతు పెట్టాడు. అన్నీ తనకి చదివి వినిపించాలి. ఫ్యాక్స్ మాత్రం ఆఖర్న. అలా నాలుగు శుక్రవారాలు మధ్యాహ్నం పూట మెస్‌లో కూర్చుని, ఆయన ఉల్లిపాయలు కోస్తుంటే నేను స్కాట్లాండ్ చదివాను. అక్కడ ఎప్పుడూ వాన. అక్క ఇంటి పైకప్పు ఎప్పుడూ కారుతూ ఉండేది. పద్యాల్లో ఒకే పద్యం అయిదారు రకాలుగా ఉంది, కొట్టివేతలతో. చివరిదాన్ని ఉంచి పాతవి తీసేద్దామా అని మా ఆఫీసు అలవాటు కొద్దీ అన్నాను. మా దగ్గర కొత్త డ్రాయింగు రాగానే పాతదాని మీద రద్దు ముద్ర కొట్టి చింపేస్తాం. కాకా కత్తి ఆపి, “ఆమె ఉంచింది గద సారు, మనమెవలం?” అన్నాడు. దాంతో పద్యాలు బతికిపోయాయి.

ఉత్తరాల్లో అక్కడక్కడా కాకా ఉన్నాడు. తమ్ముడు ఏం రాశాడో తెలియదు గానీ అక్క జవాబులు చెబుతున్నాయి. ‘ఆ అబ్బాయి ఓట్స్ జావలో పచ్చిమిరపకాయలు వేశాడా? మా చర్చిలో అందరికీ చెప్పాను,’ అని ఒకచోట. ‘వాళ్లమ్మాయికి జ్వరం తగ్గిందా?’ అని ఇంకోచోట. ఓట్స్ జావ సంగతి చదవగానే కాకా కోసిన ఉల్లిపాయలు పక్కకి నెట్టాడు. తర్వాత, అది తప్పు కాదనీ, సాహెబ్ రెండోసారి అడిగి వేయించుకున్నాడనీ, ఆ మాట కూడా స్కాట్లాండ్ వాళ్లకి రాయమనీ చెప్పాడు. రాస్తానన్నాను. నలభై ఏళ్ల తర్వాత జావ మీద వచ్చిన మొదటి వివరణ అదే అయ్యుంటుంది.

అన్నిటికీ నంబర్లు వేసి రిజిస్టర్ చేశాను. మొత్తం నూట నలభై మూడు. ఫ్యాక్స్‌ది నూట నలభై మూడో నంబరు. కాకా చదవవద్దన్నాడు కనక తేదీ, ఎవరి నుంచి, ఎవరికి అన్నవి మాత్రం చూసి, విషయం అన్న గడిలో ‘డబ్బా’ అని రాశాను. ఆఖరి శుక్రవారం చదువుదామనుకున్నాం. ఈలోగా ఆ కాగితం నాకు నచ్చలేదు. ఫ్యాక్స్ కాగితం జిగేల్‌మంటూ చుట్టుకుపోతూ ఉంటుంది కదా, అక్షరాలు కూడా వెలిసిపోతున్నాయి. ఇంకో ఏడాదికి ఏమీ మిగలదనిపించింది. కాపాడాలి అనుకున్నాను.

తెలుగువాడు కాగితాన్ని కాపాడాలనుకుంటే ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు. టెన్త్ మార్కుల జాబితా దగ్గర్నుంచి రేషను కార్డు దాకా నా దగ్గర లామినేషన్ లేని కాగితం లేదు. మా పెళ్లి సర్టిఫికెట్టుకి రెండుసార్లు చేయించాను. మొదటి లామినేషన్ పాడవకుండా రెండోది. గురువారం డ్యూటీ అయ్యాక ఆఫీసులో గేట్ పాసులు చేసే మిషన్ వేడెక్కించి, ఫ్యాక్స్‌ని ప్లాస్టిక్ కవర్లో చక్కగా సర్ది లోపలికి పంపించాను. ముందు ఇది, ఇది బాగా వస్తే మిగతా నూట నలభై రెండూ అని ప్రణాళిక. మిషన్ పక్కన కవర్ల పెట్టె కూడా విప్పి ఉంచాను.

అవతలివైపు నుంచి నల్లటి పలక ఒకటి వచ్చింది.

తిరగేసి చూశాను, వెనక తెల్లగా ఉంది. మళ్లీ తిప్పాను, నల్లగానే ఉంది. దీపం కింద పెట్టి చూశాను. మొదట మిషన్‌దే తప్పనుకున్నాను. తప్పు మనదేమో అని అనుమానించే ముందు మిషన్‌ని అనుమానించడం ఆఫీసు మర్యాద. తర్వాత అర్థమైంది. ఆ పాత ఫ్యాక్స్ కాగితం వేడి తగిలితే నల్లబడే కాగితం. అక్షరాలు పడేదే వేడితో. నేను దానికి ఒక మూల నుంచి ఇంకో మూలదాకా వేడి పెట్టాను. ఒక రకంగా కాగితమంతా ఒకే పెద్ద అక్షరం అయింది.

అప్పుడు సూచనల ఫైలు తెరిచాను. మొదటి పేజీలో మొదటి వాక్యం: దయచేసి దేన్నీ లామినేట్ చేయకండి. రెండో వాక్యం, వేడికి దూరంగా ఉంచండి. ఆ తర్వాత కాగితాల్ని ఎలా ఉంచాలో వరసగా ఉంది: చల్లటి చీకటి చోటు, నూలు దారం, మధ్యలో మెత్తటి గుడ్డ, అప్పుడప్పుడు నీడలో గాలి. చదువురాని కాకా ముప్పై ఏళ్లు చేసినదంతా అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంది. పదకొండేళ్ల అనుభవజ్ఞుడు చేసినది కూడా ఉంది, ‘చేయకూడనివి’ కింద.

ఇంటికెళ్లి మా ఆవిడకి చూపించాను. ఆవిడ నర్సు. చెడ్డ వార్తలు వినడం ఆవిడకి అలవాటే. నేనో దారి ఆలోచించానన్నాను: ఫ్యాక్స్ కాగితాలు వెలిసిపోవడం లోకంలో అందరికీ తెలిసిందే కనక, అక్షరాలు వాటంతటవే పోయాయని చెబితే సరి.

“వెలిస్తే తెల్లబడాలి కదండీ,” అంది. “ఇది తారురోడ్డులా ఉంది.”

తర్వాత భోజనం వడ్డిస్తూ, రేపు వెళ్లి నిజం చెప్పమంది. చెప్పాక ఆయన పెట్టింది తినకుండా రావద్దంది కూడా. ఆ రెండోది ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

శుక్రవారం మెస్‌కి వెళ్లేసరికి కాకా పప్పు తాలింపు పెడుతున్నాడు. మేస్త్రీ కూడా ఉన్నాడు. చివరి కాగితం చదువుతారని విని ప్రత్యేకంగా కూర్చున్నాడు. ఈరోజు తేలిపోతుంది అంటూ చేతులు నలుపుతున్నాడు. నేను ఏమీ ఉపోద్ఘాతం లేకుండా ఆ నల్ల పలక బల్ల మీద పెట్టాను. ఉపోద్ఘాతం తయారుచేసుకునే వెళ్లాను, నోటికి రాలేదు.

కాకా చేతులు తుడుచుకుని దాన్ని పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు, సరిగ్గా నాలాగే.

“అండ్ల ఒక్క అక్షరం గూడ లేదా సారు?”

“లేదు కాకా. నేనే మాడ్చేశాను. బాగుచేద్దామని.”

మేస్త్రీ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పద్నాలుగేళ్ల హాస్యం ఇలా ముగిసిపోవడం ఆయనకీ ఇష్టం లేనట్టుంది. “సబూతు గూడ పాయె కాకా,” అని మాత్రం అన్నాడు, చిన్నగా.

కాకా వెళ్లి పప్పు కలిపాడు. అడుగంటకుండా కలపడం ఎప్పుడూ చూసేదే గానీ, ఆరోజు నాకు ప్రత్యేకంగా కనిపించింది. తర్వాత మా వైపు తిరగకుండానే, మాడితే మాడింది, తనకి నోటికి వస్తుందన్నాడు. చెప్పాడు కూడా. దుకాణదారు ఎలా చదివాడో అలాగే, సగం హిందీ, సగం తెలుగు: ఇక్కడ వాన పడుతోంది, మోకాలు నొప్పి. డబ్బా పంపొద్దు, దారిలో తడుస్తుంది. అది ఇక నీది. ఉంచుకున్నా సరే, కాల్చినా సరే. నీకన్నా బాగా దాచేవాణ్ని నేను చూడలేదు. అంతే అని ఆగాడు.

ముప్పై ఏళ్ల కిందట ఒక్కసారి విన్న మాటలు. నేను రాసుకున్నాను. నా మొహంలో అనుమానం కనబడి ఉండాలి. మేస్త్రీ మొహంలో కూడా ఉంది, ఆయన దాచుకోవడానికి ప్రయత్నించలేదు. పళ్లెంలో అన్నం పెట్టి కాకా నా ముందుకి తోశాడు. ఇంటి దగ్గరి ఆజ్ఞ గుర్తొచ్చి తిన్నాను. వద్దని లేచి వచ్చేసి ఉంటే ఆయన ఇంకెప్పుడూ నాతో మాట్లాడేవాడు కాదేమో.

ఆ సాయంత్రం ఆర్కైవ్స్ ఆవిడకి మెయిల్ రాశాను. నా జీవితంలో ఎంతో జాగ్రత్తగా రాసిన ఇంగ్లిషు అదే. మీ సూచనలు అందాయనీ, గమనించామనీ నేను రాసిన జవాబు నిజం కాదని మొదలుపెట్టాను. ఫ్యాక్స్‌కి ఏం చేశానో చెప్పాను. కాకా నోటితో చెప్పిన మాటలు వరసగా పెట్టాను. జావలో పచ్చిమిరపకాయలు రెండోసారి సాహెబ్ అడిగి వేయించుకున్నవేనని కూడా చేర్చాను, మాట ఇచ్చాను కనక. సాక్ష్యం లేకపోయినా ఈ మనిషి చేతి నుంచి డబ్బా తీసుకోమని వేడుకుని, వెళ్లిపోవడానికి ఇంకా పందొమ్మిది రోజులే ఉన్నాయని ముగించాను.

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. కోప్పడలేదు. కాగితాలకి ఇలాంటివి జరుగుతూనే ఉంటాయంది. ఎవరో ఒక ఉత్తరాన్ని బాగుచేయడానికి అన్నం మెతుకులతో అతికించిన కథ కూడా చెప్పింది, నాకు తోడుగా అనుకుంటాను. తర్వాత అసలు సంగతి. ఫ్యాక్స్ పంపినవాడి దగ్గర, మిషన్‌లో పెట్టిన అసలు కాగితం మిగిలిపోతుంది కదా, అందుకని వెతికించాం, అక్క కాగితాల మధ్యలో సాహెబ్ చేతిరాతతో దొరికింది, ఫొటో పంపుతున్నాం అని.

ఫ్యాక్స్ పంపితే అసలు కాగితం పంపినవాడి దగ్గరే ఉంటుంది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు నేను చెప్పే పాఠం ఇది. దీని మీద నేను తయారుచేసిన చార్టు గోడకి ఉంది.

నల్ల పలకని కూడా పంపించమని ఆవిడ రాసింది. అది ఎలా నల్లబడిందో ఒక పేజీ రాసి సంతకం చేసి జతపరచమంది. డబ్బా చరిత్రలో అదీ భాగమేనట. రాసిచ్చాను. నేను కాలేజీ రోజుల నుంచి ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను, ఏ పత్రికా వేసుకోలేదు. విదేశంలో చల్లటి గదిలో, శాశ్వతంగా భద్రపరచబోతున్న నా ఏకైక రచన ఇది. విషయం నా తెలివితక్కువతనం. అనుభవంలోంచి రాశాను కనక శైలి బాగానే కుదిరింది.

ఆ శుక్రవారం మళ్లీ మెస్‌లో కూర్చున్నాం. ఫోన్లో ఫొటో తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లిషు ఒక వాక్యం, తెలుగు ఒక వాక్యం. వాన పడుతోంది. మోకాలు. డబ్బా పంపొద్దు, తడుస్తుంది. ఇక నీది. ఉంచుకో, కాల్చు, నీ ఇష్టం. నీకన్నా బాగా దాచేవాణ్ని చూడలేదు. కాకా చెప్పినదానికి ఒక్క ముక్క తేడా లేదు. మేస్త్రీ మెడ ముందుకి చాచి ఫోన్లోకి చూస్తున్నాడు, రాని ఇంగ్లిషుని కళ్లతో పట్టుకోవాలన్నట్టు.

“మరి ఇన్నేండ్ల సంది చెప్పకపోతివి కాకా?” అన్నాడు.

“చెప్పిన. నువ్వు ఇన్నవా?”

మేస్త్రీ తల దించుకున్నాడు. కానీ ఉత్తరం అక్కడితో అయిపోలేదు. కింద ఇంకో మూడు వరసలున్నాయి. కాకా మొన్న చెప్పని వరసలు. ‘ఇంకొకటి, ఆ గడియారం...’ అని ఇంగ్లిషులో చదివాను. తెలుగులోకి మార్చేలోగా కాకా చెయ్యి ఫోను మీద పడింది.

“ఇగ చాలు సారు. మిగిలింది నాకెర్కే.”

ఆగిపోయాను. ఈమధ్య చెప్పిన మాట వినడం నేర్చుకుంటున్నాను. మేస్త్రీ ఏదో అడగబోయి, అడగకుండా చాయ్ తెస్తానని లేచి వెళ్లాడు.

ఆ వరసలు నేను మనసులో అప్పటికే చదివేశాను. పనిలో చేరిన కొత్తలో సాహెబ్ గడియారం ఒకటి కనబడలేదు. కాకాని దొంగ అన్నాడు. నాలుగు రోజులు ఇంట్లోకి రానివ్వలేదు. తర్వాత అది ఆయన గోల్ఫ్ సంచీ జేబులోనే దొరికింది. దొరికిందని ఆయన అప్పుడు చెప్పలేదు, ఊరికే మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. ‘ఇన్నేళ్లూ ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను, క్షమించు,’ అని సాహెబ్ రాసిన ఆ మూడు వరసలు.

మేస్త్రీ లేని సమయం చూసి అడిగాను. ఈ మూడు వరసలే కదా కాకా అన్నిటికన్నా గట్టివి, దొంగ కాదని సాహెబ్ స్వయంగా రాశాడు, అందరికీ వినిపిస్తే పోయేదేముంది అని.

ఆయన కొంచెంసేపు బల్ల మీద మెతుకులు ఏరాడు.

“ఆయిన ఒక్కపారి అన్నడు. ఒక్కపారి మాఫీ అడిగిండు. గా రెండూ మా ఇద్దరి నడుమనే. గిప్పుడు సచ్చిపోయినోన్ని పట్కొచ్చి మేస్త్రీ ముంగట నిలవెట్టాల్నా?”

అసలు కాగితం స్కాట్లాండ్‌లో ఎవరడిగినా చూపించేదేననీ, దాన్ని మనం మూయలేమనీ చెప్పాల్సివచ్చింది. నాకు ఆ చెప్పడం కష్టమైంది. కాకా ఆలోచించాడు. ఆడికి పోయి ఇంగ్లిషు చదివేటోడు చదువుకుంటాడు, అది వేరే సంగతి, ఈడ మాత్రం వద్దు అన్నాడు. అక్కడ ఎవరైనా చదివితే సాహెబ్ మాఫీ అడిగిన మాట కూడా పక్కనే ఉంటుంది కదా, విడిగా ఉండదు కదా అని రెండుసార్లు అడిగాడు. ఒకే కాగితం మీద ఉందని చూపించాను. అయితే సరే అన్నాడు.

మేస్త్రీ మూడు గ్లాసుల చాయ్ తెచ్చాడు. మొదటిది కాకా ముందు పెట్టాడు. పద్నాలుగేళ్లలో ఆ క్రమం ఎప్పుడూ అలా లేదు. తనది ముందు తీసుకునేవాడు. నేను ఫారం తీశాను. పేరు, ఊరు, నూట నలభై మూడు కాగితాలు, వాటిలో ఒకటి చదవరానిది. ఈ పత్రాలు మీకు ఎలా వచ్చాయి అన్న గడి దగ్గరికి వచ్చాం. గడి పెద్దది, పది వరసలు పట్టేంత. ఆర్కైవ్స్ వాళ్లు చాలా కథలు వినుంటారు.

ఏం రాయమంటావు కాకా అన్నాను.

“సాహెబ్ ఇచ్చిండు అని రాయి,” అన్నాడు. నేను రాశాను. ఇంకా చోటుంది, ఇంకేమన్నా చెప్పమన్నాను. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, పెన్ను తీసుకుని తెలుగులో తన సంతకం చేశాడు, మెల్లగా, ఒక్కో అక్షరం విడివిడిగా. మేస్త్రీ పక్కన నిలబడి అది పూర్తయ్యేదాకా చూశాడు. నేను మిగిలిన తొమ్మిది వరసల్నీ ఖాళీగా వదిలేశాను. నింపడానికి చెయ్యి లాగుతూనే ఉంది.